తూకంలో ఇనుము

పోయిన వారం భూదేవిని మనం చాందా పట్నంలో, ఎముకల డాక్టరు ఆనందరావు గదిలో, వెలుగుతున్న డబ్బాకు తగిలించిన ఎక్స్‌రే ముందు వదిలేసి వచ్చాం. దీపావళి వెళ్లాక ఆమె కుడి చీలమండను ఆయనే కోసి, కీళ్లవాతం తినేసిన కీలును గీకేసి, పై ఎముకా కింది ఎముకా ఒక్కటిగా అతుక్కునేలా కలిపాడు. అవి కదలకుండా మడమ కింది నుంచి పైకి రెండు ఉక్కు కడ్డీలు ఎక్కించి, మోకాలి దాకా పిండికట్టు వేశాడు. నేను విప్పేదాకా దీన్ని ఎవరూ ముట్టొద్దని ఇంటిల్లిపాదికీ చెప్పి మరీ పంపాడు. హోలీ దాటాక కట్టు విప్పి చూస్తే ఎముక అతుక్కోలేదు. మడమ దగ్గర చీము పట్టింది. పెట్టిన కడ్డీలు రెండైతే కాలిలో ఉన్నది ఒకటే.

"రెండోది ఏది?" అని అడిగాడు డాక్టరు.

ఆ ప్రశ్నకు చాందాలో జవాబు దొరకలేదు. మొగుడు సాంబన్న ఆమె వైపు చూశాడు. భూదేవి నేల వైపు చూసింది. డాక్టరుకు ఒళ్లు మండింది. విప్పిన పిండికట్టు డొప్పను చేతిలోకి తీసుకుని, ఇదిగో ఇక్కడ ఎవరో రంపంతో కోసి మళ్లీ అతికించారని వేలు పెట్టి చూపించాడు. ఈ జబ్బున్నవాళ్లకు ఎముక ఎటూ ఆలస్యంగానే అతుక్కుంటుందనీ, ఏళ్ల తరబడి మింగిన నొప్పి గోలీలు చర్మాన్ని పలచన చేశాయనీ, అందుకే అన్ని జాగ్రత్తలు చెప్పాననీ అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. సోమవారంలోపు తీసుకొస్తే ఇంకోసారి కడ్డీలు వేసి చూస్తాను. దాటితే చీము ఎముకలోకి దిగుతుంది, పాదం తీసేయాల్సిందే. "ఒకవేళ నొప్పి ఓర్చుకోలేక ఈమే పీకేసుకుంటే మాత్రం నేను మళ్లీ కడ్డీ వెయ్యను. మళ్లీ పీకదని ఎవరు పూచీ? పాదం తీసి ప్రాణం కాపాడతాను. నిజం తెలుసుకుని రండి" అన్నాడు.

బస్సులో అంత దూరమూ సాంబన్న పెదవి విప్పలేదు. ఇంటికి రాగానే మాత్రం ఊరంతా వినేటట్టు విప్పాడు. మరునాడు, అంటే శనివారం మధ్యాహ్నం, పటేలు గోపాల్‌రావును పిలిపించి వాకిట్లో నులకమంచం వేశాడు. పటేలు పెద్దమనిషి. ఎవరింట్లో తగువు జరిగినా మధ్యన కూర్చునే ఓపిక ఆయనకు ఉంది, తెంచే ధైర్యమే కొంచెం తక్కువ. వాకిలి సగానికి మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. వాటి ఘాటుకు అందరికంటే ముందు ఆయనే తుమ్మాడు.

భూదేవిని గోడ వారన గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారనడం గౌరవానికి అన్న మాట. ఆడబిడ్డ యాదక్క రెక్క పట్టి ఈడ్చుకొచ్చి అక్కడ వదిలింది. కుడికాలు దిండు మీద ఉంది. డాక్టరు కట్టిన కొత్త గుడ్డకట్టులోంచి అప్పుడే పసుపు రంగు ఊరుతోంది. అత్త వెంకటవ్వ గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఇదంతా తనకేమీ పట్టనట్టు ఆమె గింజ వెంట గింజ తీస్తూనే ఉంది.

"పటేలా, చాందాల నా ఇజ్జత్ పోయింది" అని మొదలుపెట్టాడు సాంబన్న. "గంత పెద్ద డాక్టర్ నన్ను పసిపోరన్ని తిట్టినట్టు తిట్టిండు. కాలు బాగు చేపిద్దామని ఉన్న కోడెలను అమ్మిన. ఈమె ఏం చేసింది? నేను ముల్చేర దిక్కు కట్టె కొట్టే కూలికి పోంగనే, కట్టు కోపిచ్చుకొని కాలుల ఇనుప సీకు పీకేసుకున్నది. ఇగ నాతోని కాదు. దీని తమ్ముడు చామోర్షిల ఉన్నడు. కబురు పంపిన. వచ్చి తోల్కపోతడు. కాలు ఉంచుకుంటరో తీసేసుకుంటరో వాళ్ల ఇష్టం."

"సోమారం లోపట పోవాలె గదా సాంబన్నా" అన్నాడు పటేలు. "చామోర్షి నుంచి మనిషి ఎప్పుడొస్తడు, ఎప్పుడు తోల్కపోతడు?"

"గది నాకెందుకు?"

ఆ రెండు మాటలు భూదేవికి మడమలో పోటుకంటే గట్టిగా తగిలాయి. ఈ మనిషికి ఆమె పన్నెండేళ్లు వండిపెట్టింది. వేళ్లు వంకర్లు తిరగడం మొదలైనాక కూడా మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేసింది. పొద్దున్నే పిడికిలి ముడుచుకోకపోతే వేడినీళ్లలో చేతులు ముంచి, వేళ్లు కదిలాకనే పొలానికి పోయేది. ఆలస్యమైందని తిట్లు తిన్నది. ఇంత చేసి ఇప్పుడు, 'గది నాకెందుకు'.

"నేను పీకలే" అంది భూదేవి.

"మల్ల ఎవలు పీకిన్రు? ఎలుకలు ఎత్తుకపోయినయా?" అంది యాదక్క, పక్కనుంచి. యాదక్కకు అత్తగారింటికంటే పుట్టింటి గొడవల్లో ఎప్పుడూ ఆసక్తి ఎక్కువ. ప్రతి పండక్కీ వచ్చి, పండగ పోయినా తాను పోయేది కాదు.

"వదినె, పట్కారు తే" అంది భూదేవి.

"ఎందుకు?"

"తే. పటేలు సుత చూస్తడు."

యాదక్క తేలేదు. పటేలు చెప్పాక సాంబన్నే విసురుగా లోపలికి వెళ్లి పట్కారు తెచ్చి ఆమె ఒళ్లోకి గిరాటు వేశాడు. భూదేవి దాన్ని కుడిచేత్తో తీసుకోబోయింది. చిటికెన వేలి వైపుకు ఒరిగిపోయిన నాలుగు వేళ్లూ దాని చుట్టూ మూసుకోలేదు. రెండు చేతులూ కలిపి, మణికట్ల మధ్య ఇరికించి, గోనెపట్టా అంచును దాంతో పట్టుకోవాలని చూసింది. పట్కారు జారి మిరపకాయల్లో పడింది. ఇంకోసారి తీయబోతే పటేలు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు బిడ్డా."

"డాక్టర్ చంకకర్రలు ఇచ్చిండు పటేలా. గవ్వి సుత పట్టుకొనుడు చాతకాక మూలకు పెట్టిన. కూసున్నకాడ నుంచి మోచేతుల మీద జరుగుత. ఈ చేతులతోని నేను ఎముకల దిగిన సీకు పీకుతనా?" అని మొగుడి వైపు తిరిగింది. "పన్నెండేండ్లు చూసినవ్ ఈ చేతులను. నీకు తెల్వదా?"

సాంబన్నకు తెలుసు. తెలిసిన సంగతి పదిమందిలో బయటపడితే మగవాడికి ఎంత కోపం వస్తుందో అంత కోపం వచ్చింది. "నువ్వు పీకకపోతే పీకిపిచ్చుకున్నవ్! ఎవలతోని పీకిపిచ్చుకున్నవో చెప్పు! కట్టు ఎవలతోని కోపిచ్చుకున్నవ్?"

భూదేవి గడప వైపు చూసింది. వెంకటవ్వ చేతిలో చింతగింజ ఆగింది.

"నన్నేం చూస్తవే?" అంది వెంకటవ్వ.

భూదేవి ఇన్నాళ్లూ నోరెందుకు కుట్టేసుకుందో ఇక్కడ చెప్పాలి. ఆపరేషను రోజున, కోడలు ప్రాణంతో ఇల్లు చేరితే సమ్మక్క తల్లికి ఎత్తు బంగారం ఇస్తానని వెంకటవ్వ మొక్కింది. ఆ తల్లి దగ్గర బంగారం అంటే బెల్లమే. మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి, మోసుకుపోయి గద్దె ముందు పెట్టాలి. మాఘంలో జాతర వచ్చింది. కాలికి పిండికట్టు ఇంకా ఉంది. సాంబన్న ఊళ్లో లేడు. వెంకటవ్వ కోమటి దగ్గర తరాజు తెచ్చి దూలానికి కట్టించింది. కోడలిని తట్టలో కూర్చోబెట్టబోయి ఆగిపోయింది. తాను మొక్కింది మనిషి ఎత్తు, సున్నపు కట్టు ఎత్తు కాదు. దొంగ తూకం తల్లి ముందు పెడితే ఆమె ఊరుకుంటుందా?

బెల్లం ఇంకో రెండు ముద్దలు ఎక్కువైతే తల్లి కాదంటుందా అని మనకు తోస్తుంది. వెంకటవ్వకు తోచలేదు. ఊరి వడ్రంగి వడ్ల మారయ్యను పిలిపించి కట్టు కోయించింది. తూకం అయ్యాక సరేసు జిగురు పూసి, పాత ధోవతి పీలికలు చుట్టి అతికించారు. ఆనాడు బెల్లం ముద్ద భూదేవి చేతిలో పెట్టి ఒట్టు వేయించుకుంది వెంకటవ్వ. ఈ తూకం సంగతి ఎవరికైనా చెప్తే మొక్కు చెడుతుంది, చెడితే ఆ కీడు నీ మొగుడి మీదికే వస్తుంది అని.

చాందాలో డాక్టరు ముందు భూదేవి నోరు తెరవనిది అందుకు. మొగుడి ప్రాణం కోసం తన కాలిని పందెం పెట్టింది. ఆ మొగుడే ఇప్పుడు ఎదురుగా నిలబడి, కాలు ఉంటే ఎంత పోతే ఎంత అంటున్నాడు. భూదేవికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంతకాలం లోపల అణిచిపెట్టిన కోపమంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది.

"కట్టు కోపిచ్చింది మీ అవ్వ" అంది. "ఎత్తు బంగారం తూసేనాడు. మారన్నను పిలిపిచ్చి కోపిచ్చింది. నా తల వదినె ఒళ్లె పెట్టుకొని, మొఖం మీద కొంగు కప్పి గట్టిగ పట్టుకున్నది. చెప్తే నీకు కీడన్నది. అందుకే చెప్పలే. ఇప్పుడు చెప్తున్న. వచ్చే కీడు రానీ."

"అబద్దం!" వెంకటవ్వ చింతపండు చేట పక్కకు నెట్టి లేచింది. "దీని నోట్లె మన్నువడ! మొగన్ని మింగే మాట అంటది చూడు! నేను కట్టు ముట్టలే. యాదీ, నువ్వు చెప్పు."

"నాకేం తెల్వదు" అంది యాదక్క, కళ్లు మిరపకాయల మీద పెట్టి. "నేను గానాడు అసలు ఇంట్ల లేను."

"ఇంట్ల లేవా? నీ చెయ్యి కొరికిన. మచ్చ ఇంకా ఉంటది, చూపియ్యి వదినె పటేలుకు."

యాదక్క కుడిచెయ్యి కొంగు కిందికి పోయింది. పటేలు ఆ కదలికను చూశాడు, చూడనట్టు ఇంటి చూరు వైపు తిరిగాడు. అటు వీధి చివర బండి చక్రానికి ఆకులు చెక్కుతున్న వడ్రంగి బాడిస చప్పుడు అంతసేపూ వినబడుతూనే ఉంది.

"మారయ్య ఇంటి కాడనే ఉన్నట్టున్నడు" అన్నాడు పటేలు, తప్పనిసరై.

సాంబన్న గేటు దగ్గరికి పోయి కేక వేశాడు. బాడిస ఆగింది. కాసేపటికి మారయ్య పనిముట్ల సంచి భుజాన వేసుకునే వచ్చాడు. పిలిచారంటే ఏదో తలుపో మంచపుకోడో విరిగి ఉంటుందని ఆయన అనుకున్నాడు. చెడ్డవాడు కాదు మారయ్య. చెక్క పని తప్ప లోకంలో ఇంకో పని ఉందని తెలియనివాడు.

"మారయ్యా, ఈ పిల్ల కాలికున్న కట్టు నువ్వు కోసినవా?" అడిగాడు పటేలు.

"కోసిన" అన్నాడు మారయ్య వెంటనే. దాచాల్సిన సంగతని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ల నోళ్లు కట్టేసిన వెంకటవ్వ, వడ్ల మారయ్య నోరు కట్టడం మరిచిపోయింది. "సన్నపండ్ల రంపంతోని మెల్లగ కోసిన. తోలుకు ఒక్క గీర పడనియ్యలే. మల్ల సరేసు పెట్టి మంచిగ అతికిచ్చిన. ఏం, ఊడిందా?"

తల్లి వైపు చూడడానికి సాంబన్నకు ధైర్యం చాలలేదు.

"కట్టు సంగతి అయింది. మరి సీకు?" అన్నాడు పటేలు.

"సీకు సుత నేనే పీకిన."

భూదేవి తల ఎత్తింది. ఈ మాట ఆమెకూ కొత్తది. ఆనాడు కొంగు కింద చీకట్లో, కాలిలోంచి ప్రాణాన్ని ఎవరో పట్టి లాగినట్టయింది. పుండుకు అంటుకున్న కట్టు ఊడదీస్తున్నారని అనుకుంది. ఆడబిడ్డ చెయ్యి కొరికింది అప్పుడే. ఆ తర్వాత ఏం జరిగిందో తెలియదు. తెలివొచ్చేసరికి తూకం అయిపోయింది, కాలికి మళ్లీ కట్టు ఉంది.

"ఎందుకు పీకినవ్?" అని అడిగాడు సాంబన్న.

"వెంకటవ్వ పీకమన్నది. కట్టు తీస్తే మడమకాడ రెండు సీకుల కొనలు బయటికి ఉన్నయి. ఇనుము తూకంల పెట్టుడు కాదు, తియ్యి అన్నది. నేను సుత అనుకున్న, డాక్టర్లు తీసుడు మర్చిపోయిన్రేమో, పాపం పిల్లకు గుచ్చుకుంటున్నదేమో అని. పట్కారుతోని జర తిప్పి గుంజిన. ఒకటి వచ్చింది. రెండోది మస్తు గట్టిగున్నది. గంతల పిల్ల బేహోష్ అయింది. ఇడిసిపెట్టిన." అని సంచిలో చెయ్యి పెట్టి ఒక సన్నని కడ్డీ తీశాడు. ఒక కొనకు చెక్కపిడి బిగించి ఉంది. రెండో కొన సాన మీద పదును తేలి మెరుస్తోంది. "పారేసుడెందుకని గీతలు గీసుటానికి పెట్టుకున్న. అసల్ ఉక్కు పటేలా. ఎంత గీసినా మొద్దుబారదు."

మారయ్య ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూశాడు. తప్పేదో జరిగిందని ఆయనకు అప్పుడు అర్థమైంది. కడ్డీని నెమ్మదిగా భూదేవి పక్కన గోనెపట్టా మీద పెట్టేశాడు.

"బిడ్డా, నాకు తెల్వదు. గది లోపట ఉండాల్సిందా?"

భూదేవి ఆ కడ్డీ వైపు చూసింది. తన కాలిలో ఉండాల్సిన ఉక్కు ఇన్నాళ్లూ ఎవరింటి తలుపుల మీదో గీతలు గీసింది. ఆమెకు మారయ్య మీద కోపం రాలేదు. ఉన్న కోపమంతా అత్త మీదికే పోయింది.

"అత్తా. నన్ను బతికిచ్చుమని మొక్కినవా, సంపుమని మొక్కినవా?"

"ఏమన్నవ్?" వెంకటవ్వ వాకిట్లోకి దిగింది. అబద్ధం పట్టుబడ్డాక సిగ్గుపడే రకం కాదు ఆమె. పట్టుబడ్డాక ఆమె గొంతు ఇంకా పెరిగింది. "అవును, పీకిపిచ్చిన! నేనే పీకిపిచ్చిన! ఇనుము తూకంల పెట్టి తల్లిని మోసం చెయ్యాల్నా? మీకేం తెలుసు? నా చిన్నోడు మల్లన్నను తూసిన్నాడు మొలతాడు తియ్యకపోతిని. ఎండి మొలతాడు! గింత ఉంటదది. తియ్యి వెంకటీ అని ముసలమ్మలు చెప్పిన్రు. పోరడు ఏడుస్తున్నడు, ఏమైతదిలే అనుకున్న. మల్ల జాతర దాకా ఉండలే వాడు. జరమొచ్చి రెండ్రోజులల్ల పాయె. గింత ఎండికి నా కొడుకును తీసుకున్న తల్లి, ఇనుముకు ఎవర్ని తీసుకుంటదో ఎవలకు తెలుసు? ఇంట్ల ఉన్నది వీడొక్కడే కొడుకు నాకు!"

ఆ చిన్నవాడి పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో అత్త నోట ఆ పేరు వినడం భూదేవికి ఇదే మొదలు. ఒక్క క్షణం ఆ ముసలిదాని మీద జాలి కలిగింది. కలిగినందుకు తన మీద తనకే మంట పుట్టింది. మొలతాడు తియ్యని తప్పు ఎవరిది, కాలు పోగొట్టుకునేది ఎవరు?

"నీ కొడుక్కు ఏం గావొద్దని నా ఎముకల చెయ్యి పెట్టినవ్" అంది. "నా ఎముక నీది గాదు అత్తా."

"నోరు ముయ్యి!" ఈ కేక సాంబన్నది.

పటేలు మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. "సంగతి తేలింది గదా సాంబన్నా. పిల్లది తప్పు లేదు. రేపే చాందాకు తోల్కపో. డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పు."

సాంబన్న కడ్డీ వైపు, తల్లి వైపు, వాకిలి బయట అప్పటికే గుమిగూడిన నలుగురి వైపు చూశాడు. ఆ క్షణంలో ఆయన పెళ్లాం దగ్గరికి వచ్చి కూర్చుంటే ఈ కథ ఇక్కడితో సుఖంగా అయిపోయేది. ఆయన రాలేదు.

"తోల్కపోత" అన్నాడు. "గని ఒక్క షరతు. డాక్టర్ కాడ మా అవ్వ పేరు రావొద్దు. ముసల్దాన్ని పోలీసుల పాలు చేసుడు నాతోని కాదు. నేనే పీకిపిచ్చుకున్న, నొప్పికి ఓరుసుకోలే అని ఈమె చెప్పాలె. చెప్తనంటే రేపు పొద్దుగాల బస్సు ఎక్కుదాం. చెప్పనంటే తమ్మునింటికి పోవుడే."

"గట్ల చెప్తే డాక్టర్ సీకు వెయ్యనన్నడు గదా!" పటేలే ఆశ్చర్యపోయాడు. "కాలు తీస్తనన్నడు గదా, నువ్వే చెప్తివి?"

"కాళ్లు మొక్కి బతిమాలుకుందాం."

"ఒకవేళ వినకపోతే?"

సాంబన్న మిరపకాయల్లోంచి పట్కారు తీసి గోడ పక్కన పడేశాడు.

భూదేవి మొగుడి ముఖంలోకి నేరుగా చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ముఖం ఇంత తేటగా ఎన్నడూ కనబడలేదు. నిజం చెప్తానంటే తీసుకుపోయేవాడు లేడు. అబద్ధం చెప్తానంటే పాదం లేకుండా తిరిగి రావాలి. రెండిట్లో ఏదైనా ఆయనకు ఒకటే. అమ్మ పేరు బయటికి రాకపోతే చాలు.

"నేను చెప్ప" అంది.

"అయితే చావు."

పటేలు లేచి కండువా దులుపుకున్నాడు. మీ ఇంటి సంగతి మీరు చూసుకోండి అన్నట్టు ఏదో గొణిగి, మిరపకాయలు తొక్కకుండా జాగ్రత్తగా నడిచి వెళ్లిపోయాడు. మారయ్య అంతకుముందే జారుకున్నాడు. డాక్టరు ముందు నువ్వొచ్చి చెప్పు మారన్నా అని అడుగుదామని భూదేవి తల తిప్పేసరికి ఆయన వీధి మలుపు దాటాడు. పోలీసులనే మాట వినగానే సంచి సర్దుకోవడం ఆమె చూసింది.

మధ్యాహ్నం వాలింది. అసరెల్లి దిక్కు నుంచి సిరొంచకు పోయే ఎర్రబస్సు ఆ పూటకు ఒకటే ఉంది. అది దొరికితే రాత్రికి సిరొంచ బస్టాండులో పడుకుని, తెల్లవారి చాందా బండి ఎక్కవచ్చు. ఇల్లు రోడ్డుకు దగ్గరే. నడిచేవాళ్లకు దగ్గర. భూదేవి తన చీర ఒకటి మూటగట్టి మెడకు తగిలించుకుంది. నేల మీద కూర్చునే, మోచేతులు ఆనించి, కుడికాలు గాలిలోకి ఎత్తి పట్టుకుని జరగడం మొదలుపెట్టింది. ఎవరూ ఆపలేదు. ఎక్కడికి పోతుందిలే అనుకున్నారు. గేటు దాటేసరికి మోచేతులు చెక్కుకుపోయాయి. మంచిదైన ఎడమ మోకాలు కూడా కుడిదాని బరువంతా ఇన్నాళ్లు మోసి మోసి అప్పటికే వాచిపోయి ఉంది. అయినా జరిగింది. దారిలో ఇద్దరు ఆడవాళ్లు నీళ్ల బిందెలతో ఎదురై, అయ్యో అని పక్కకు తప్పుకున్నారు. సాంబన్నతో మాట పడడం వాళ్లకు ఇష్టం లేదు.

రోడ్డు అంచుకు చేరేసరికి బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. కండక్టరు తలుపు తీసి కిందికి చూశాడు. నేల మీద కూర్చున్న మనిషి, మెడకు మూట, చీము కారుతున్న కాలు.

"కుటే జాయ్‌చా?" అని, ఎక్కడికి పోవాలో మరాఠీలో అడిగి, ఆమె ఒంటరిగా ఉండడం చూసి తెలుగులోకి మారాడు. "ఒక్కదానివే పోతవా? ఎక్కిచ్చేటోళ్లు ఎవరున్నరు?"

భూదేవి మెట్టు అంచు పట్టుకుంది. వేళ్లు మూసుకోలేదు. ముంజేతిని మెట్టు మీద వేసి లేవబోయి పక్కకు ఒరిగింది. ఇంకోసారి ప్రయత్నించింది. లోపల జనం తొంగి చూస్తున్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు.

అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి ఆమె భుజం మీద పడింది. గట్టి చెయ్యి. వెనక్కి లాగడానికే వచ్చిందనుకుని భూదేవి మెట్టును రెండు ముంజేతులతో కరుచుకుంది. రెండో చెయ్యి నడుము కిందికి వచ్చింది. ఒక్క ఊపున ఆమె లేచి మెట్టు మీద పడింది. తల తిప్పి చూస్తే వెంకటవ్వ. కొంగు నడుముకు చుట్టింది. ముఖం నిండా మిరపకాయ లాంటి కోపం అలాగే ఉంది.

దూరంగా గేటు దగ్గర సాంబన్న, "అవ్వా! అవ్వా, ఎటు పోతున్నవ్?" అని అరుస్తూ పరుగెత్తి వస్తున్నాడు. వెంకటవ్వ అటు చూడలేదు. కోడలిని రెక్క పట్టి ముందు సీటు దాకా ఈడ్చి, జాలి ఏమాత్రం లేకుండా కూర్చోబెట్టింది. పక్కన తానూ కూలబడింది.

"సిరొంచకు రెండు" అంది కండక్టరుతో.

తలుపు పడింది. బస్సు కదిలింది. సాంబన్న చెయ్యి ఒకసారి కిటికీ చువ్వకు తగిలి జారిపోయింది.

"అత్తా" అంది భూదేవి, ఊపిరి అందాక. "డాక్టర్ కాడికి వస్తవా? ఏం చెప్తవ్?"

వెంకటవ్వ సూటిగా ముందు అద్దంలోకి చూస్తూ కూర్చుంది. సాంబన్న కేక వెనక వినబడడం ఆగిపోయాక మెల్లగా, భూదేవికి మాత్రమే వినబడేటట్టు అంది.

"అక్కడ మాట్లాడేది నేను. నువ్వు పెదవి కదిలిచ్చినవనుకో, నీ కాలే గాదు, నిన్ను సుత ఆడ్నే ఇడిసిపెట్టి వస్త."